ఆ రోజు పరిగెత్తింది అవ్వ

మాది కర్ణాటకలోని పావగడ తాలూకా రాయచెర్లు. పీయూసీ చదువుతూ జిల్లా పరుగుపందేలకు సిద్ధమవుతున్న రోజులవి. ఒక ఆదివారం అవ్వతో కలిసి సోలార్ ప్యానెళ్ల పక్కన గొర్రెలు మేపుతుంటే, గడ్డిలోంచి రక్తపింజర నా పాదాన్ని కాటేసింది.

"పరిగెత్తు పాపా! నీ మాదిరి పరిగెత్తేవాళ్లు యాడుండారు? రోడ్డుకాడ ఆటో దొరుకుతాది!" అని అవ్వ అరిచింది.

నాకూ పరిగెత్తాలనే అనిపించింది. గుండె దడదడలాడుతోంది. పందేనికి ముందు ఇలా అయితే పీటీ సార్ కళ్లు మూయించి, ఊపిరి నిదానంగా పీల్చి ఇంకా నిదానంగా వదలమనేవారు. పాము కరిస్తే కదలొద్దని చెప్పిందీ ఆయనే.

"నేను కదలకూడదవ్వా. నువ్వే పోయి ఎవురినన్నా పిల్చుకోని రా" అన్నాను.

మోకాళ్ల నొప్పులతో సరిగా నడవలేని అవ్వ చీర ఎగదోపుకుని పరిగెత్తింది. కాలు ఉబ్బుతోంది. నేను కళ్లు మూసుకుని ఊపిరి మీదే మనసు పెట్టాను. చివరికి అవ్వ ఒక సోలార్ ప్లాంటు గార్డును బైకుతో సహా తీసుకొచ్చింది.

"పరిగెత్తి ఉంటే విషం ఇంకా త్వరగా ఎక్కేదమ్మా" అన్నారు ఆసుపత్రిలో డాక్టరు. ప్రాణం దక్కింది కానీ విషానికి కుళ్లిపోయిన రెండు కాలివేళ్లు తీసేశారు. నా పందేలు అక్కడితో ముగిశాయి.

ఇప్పటికీ భయమేస్తే అలాగే ఊపిరి పీలుస్తాను. కళ్లు మూయగానే, దూరమైపోతున్న అవ్వ చెప్పుల చప్పుడు వినిపిస్తుంది.