సుధక్క, మల్లట్ గుట్ట, మునిగిన కట్టెముక్క

నిన్న పొద్దున షాప్ షట్టర్ ఎత్తుతుంటే బావ ఫోన్. "సుధ పోయింది రా" అన్నాడు.

"ఏ సుధ?" అని అడిగాను.

మా అందరికీ ఉన్నదే ఒక్క సుధక్క!

నిద్రలోనే హార్ట్ ఎటాక్. నాకింకా నమ్మబుద్ధి కావట్లేదు.

మా పెద్దమ్మ కూతురు. రాయచూరులో కాలేజీ పిల్లలకు బాటనీ చెప్పేది. కొన్నేళ్లుగా ఆమెకు ఒకటే పిచ్చి, మల్లట్ అనే ఊరి దగ్గరున్న గుట్ట. వేప, చిగర, సండ్ర, నారేపి అన్నీ కలిసి పెరిగిన అడవి అది. అందులో ఏ జాతి చెట్టు ఎంత కార్బన్ దాచుకుందో లెక్క కట్టాలని కూర్చుంది.

ఎందుకంటే ఆ వంకర చెట్లన్నీ కొట్టేసి నీలగిరి చెట్లు పెడితే అవి గాలిలోని కార్బన్ ఎక్కువ పట్టుకుంటాయని ఎవరో ఊరివాళ్లకు ఎక్కించారు. ఆ మాట వినగానే అక్కకు ఒళ్లు మండిపోయింది.

ఆదివారం వస్తే చాలు, నన్ను గుట్టకు లాక్కెళ్లేది. స్టీలు సామాన్లు అమ్ముకునేవాణ్ణి, నాకు చెట్లతో ఏం పని! ఛాతీ ఎత్తులో మాను చుట్టూ టేపు పట్టుకోమనేది. నేను ముళ్లకు చొక్కా చింపుకుంటే, "అంగి సంగతి ఎన్క జూద్దాం, టేపు ఇడ్సకు!" అని అరిచేది.

రాలిన కొమ్మల నుంచి ముక్కలు కోసి, ఇంట్లో కేక్ ఓవెన్‌లో ఆరబెట్టింది. పాపం బావ కేక్ అనుకుని ప్లేటు పట్టుకుని వచ్చి ఓవెన్ తెరిచాడు.

ఆ ముక్కలతో ఒకరోజు మా షాపుకొచ్చింది. మంచి గిరాకీ టైమ్. కొత్త బకెట్ దించి నీళ్లు పోయించింది.

వేప తేలింది. చిగర తేలింది.

నారేపి ముక్క రాయిలా అడుగుకు పోయింది!

"మునిగింది! చూసినవా రా, మునిగింది!"

"ఏంది అక్కా, కట్టె మునిగితే గింత ఖుషీనా?"

"బరువున్న కట్టెల కార్బన్ జాస్తి ఉంటది రా. పైకి వంకరగుంటేంది, లోపల గట్టిగ నింపుకున్నది. అన్ని చెట్లకు ఒకటే లెక్క ఎట్ల పెడతరు?"

కుక్కర్ కోసం వచ్చినామె కూడా చప్పట్లు కొట్టింది. కుక్కర్ మాత్రం కొనలేదు.

పోయిన వారం ఆ ముక్కలన్నీ మల్లట్ తీసుకెళ్లి, ఊరివాళ్లతోనే నీళ్లలో వేయించింది. వాళ్లు నోరు వెళ్లబెట్టి చూశారు గానీ, గుట్ట సంగతి మాట్లాడుకుని చెప్తామన్నారు.

మొన్న సాయంత్రం కూడా నాకు ఫోన్ చేసి, "మల్లట్ నుంచి ఏమన్న కబురొచ్చిందా?" అని అడిగింది.

రాలేదు.

నిన్న మధ్యాహ్నం శ్మశానానికి మల్లట్ నుంచి జీపు నిండా జనం వచ్చారు. వాళ్ల ఊరి పెద్దాయన అక్క కాళ్ల దగ్గర నిలబడి, ఆమెకు వినపడాలన్నట్టు గట్టిగా కన్నడలో అన్నాడు.

"గిడ కడియంగిల్ల, అక్కా."

చెట్లు కొట్టం అని.

ఒక్క రోజు ముందు చెప్పి ఉంటేనా, నీ కేకలు రాయచూరంతా వినపడేవి అక్కా! నేను అక్కడే ఏడుస్తూ నవ్వేశాను.

గుట్ట ఎక్కడికీ పోదు సుధక్కా. నువ్విక నిమ్మళంగా పడుకో.