మూరెడు తప్పు

ఆమెను ఊరంతా కొలతలక్క అంటుంది. బట్టలు కుట్టడం ఆమె పని. టేపు పట్టడం వచ్చిన చెయ్యి కదా అని తాగునీటి బావి కొలిచే పని కూడా ఆమెకే అప్పగించారు. ప్రతి సోమవారం పొద్దున్నే ఇనుప గుండు కట్టిన పొడుగాటి టేపును బావిలోకి వదలాలి. గట్టు మీది ఎర్ర గీత నుంచి నీళ్ల దాకా ఎంత లోతుందో చూసి, ట్యాంకు గది గోడ మీద సుద్దతో రాయాలి. దాన్ని బట్టే మోటారు ఎంతసేపు వెయ్యాలో పెద్దలు తేలుస్తారు.

వానాకాలంలో ట్రాక్టరు తగిలి గట్టు రాయి ఊడి, ఎర్ర గీతతో సహా బావిలో పడింది. కొలతలక్క పరాకుగా, పాత గీత కన్నా కిందున్న విరిగిన అంచు నుంచే కొలిచింది. లెక్కలో లోతు మూరెడు తగ్గింది. నీళ్లే మూరెడు పైకొచ్చాయనుకున్నారందరూ. ఇంకుడు గుంతలు తవ్విన మేస్త్రీ, తన గుంతలు ఫలించాయని కనబడిన వాళ్లకల్లా చెప్పుకున్నాడు. కొలతలక్క చెయ్యి చల్లనిదన్నారు. మోటారు రెండు పూటలా వెయ్యడం మొదలైంది.

రెండో వారమే ఆమెకు తప్పు తట్టింది. జాకెట్టు పొడవు భుజం మీద నుంచి కాక చంక నుంచి తీస్తే ఏమవుతుందో తెలిసిన మనిషి. చెబుదామని రెండుసార్లు ట్యాంకు గది దాకా వెళ్లింది. రెండుసార్లూ మెచ్చుకోలు విని, నవ్వి, వెనక్కి వచ్చేసింది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఆమె సిగ్గుతో చచ్చిపోతుంది.

ఎండలు ముదరకముందే బావిలో బురద తేలింది. పల్లంలో ఉన్న కింది వీధి వాళ్లు కుళాయిలు కట్టకుండా వదిలేస్తున్నారని మిగతా వీధులు గొడవకు దిగాయి. కింది వీధి వాల్వు కట్టేద్దామని ట్యాంకు గది ముందు మీటింగు పెట్టారు. అక్కడ కింది వీధి ముసలావిడ జనాన్ని దాటుకుంటూ వచ్చి కొలతలక్క చెయ్యి పట్టుకుంది.

"నువ్వన్నా చెప్పమ్మా. మేం తాగింది ఎంతని? నీ లెక్క అబద్ధమాడదు కదా."

కొలతలక్క చెయ్యి వెనక్కి తీసుకోలేకపోయింది.

"ఆడింది పెద్దమ్మా. గట్టు విరిగిందని తెలిశాక కూడా అక్కణ్ణించే కొలిచాను. నీళ్లు పైకి రానే లేదు."

మేస్త్రీ ముఖం మాడిపోయింది. "మరి నా గుంతలు?"

"వాటి సంగతి నాకు తెలీదు మావా. తప్పు మాత్రం నాది."

నాలుగు తిట్టినా బాగుండేది. వాల్వు జోలికి పోకుండా, అన్ని వీధులకూ ఒక్క పూటే నీళ్లని తేల్చి జనం లేచారు. ముసలావిడ మాత్రం కాసేపు ఆమె వైపు చూసి, పట్టుకున్న చెయ్యి వదిలేసింది.

ఆమె టేపు తెచ్చి ట్యాంకు గది గడప మీద పెట్టింది. ఎవరూ తీసుకోలేదు. సోమవారం మేస్త్రీ ఉలి పట్టుకొచ్చి, విరగని చోట బావి లోపలి ఒర మీద కొత్త గీత చెక్కాడు. టేపు తెచ్చి ఆమెకే అందించి, పక్కన నిలబడ్డాడు.

ఆమె కొలిచి, అంకె మెల్లగా చెప్పింది.

"గట్టిగా చెప్పు," అన్నాడు మేస్త్రీ.

మళ్లీ చెప్పింది. అతను వంగి టేపు తానూ చూసుకుని, అప్పుడు సుద్ద ఆమె చేతికిచ్చాడు.