మాణిక్యాంబ గారి పాస్‌వర్డు

భీమవరం ఊరి చివర ఒక రొయ్యల మేత డిపో ఉంది. అక్కడ లారీలకి గేటు పాసులు తీసేది మాణిక్యాంబ. భర్త ఆ డిపోలోనే గోడౌను చూసేవాడు. ఆయన పోయాక కంపెనీ వాళ్ళు ఆమెని పిలిచి ఈ కుర్చీలో కూర్చోబెట్టారు. మొదట్లో మౌసు పట్టుకోవడానికే జంకింది. ఇప్పుడు పనిలో వంక పెట్టడానికి లేదు. కాకపోతే కొట్టే ప్రతి అక్షరాన్నీ కళ్ళతో అయినా చూసుకోవాలి, నోటితో పైకైనా అనుకోవాలి. రెండూ లేకపోతే ఆమె వేళ్ళు తడబడతాయి. ఆమె లారీ నంబరు కొడుతుంటే గేటు దాకా వినబడుతుంది. డ్రైవర్లు నవ్వుకుంటారు. నవ్వుకోనీ, నంబరు మాత్రం ఏనాడూ తప్పు పడలేదు.

ఆ మధ్య కంప్యూటర్లు చూసే చంద్రరావు బ్యాచ్ ఫైలని చిన్న ప్రోగ్రాం ఒకటి రాసి అందరికీ పెట్టాడు. పొద్దున్నే దాన్ని నొక్కితే నల్లటి తెర ఒకటి లేచి ముందు పేరు, తరవాత పాస్‌వర్డు అడుగుతుంది. రెండూ సరిపోతేనే హెడ్డాఫీసు సర్వరులో ఫైళ్ళు తెరుచుకుంటాయి.

"ఎవరికీ చెప్పని మాట ఏదైనా పెట్టుకోండి" అన్నాడు చంద్రరావు.

చెప్పకుండా ఉండడం ఆ ఆఫీసులో ఎవరికి చేతనైంది గనక! మధ్యాహ్నం క్యారేజీలు విప్పేసరికి సేల్స్ గణేష్‌బాబుది బిల్లులు రాసే దుర్గాశ్రీకి తెలుసు, దుర్గాశ్రీది టీకొట్టు ఆయనకి కూడా తెలుసు. బయటికి రానిది మాణిక్యాంబది ఒక్కటే. ఎలా వస్తుంది? ఆమె పెట్టుకున్నది మొగుడి పేరు. కాపరం చేసినన్నాళ్ళూ ఆ పేరు ఆమె నోట పలకలేదు. పిలవాలంటే "ఏవండీ", పదిమందిలో చెప్పాలంటే "మా ఆయన". రేషను కార్డు వాళ్ళు అడిగినా పక్కింటావిడ చేత చెప్పించింది. మనిషి పోయినంత మాత్రాన ఆ అలవాటు పోతుందా?

పాస్‌వర్డు కొడుతుంటే ఆ నల్ల తెర మీద అక్షరాలు తెల్లగా కనబడేవి. అది చంద్రరావు చేసిన పొరపాటు. ఆ సంగతి మాణిక్యాంబకి తెలియదు. రోజూ అందరికంటే ముందొచ్చి, పేరంతా పడ్డాక ఎంటర్ కొట్టకుండా కాసేపు దాన్నే చూస్తూ కూర్చునేది. ఆ కాసేపూ ఆమెకి బాగుండేది. ఆ పూటకి అది చాలు.

ఇంతలో గణేష్‌బాబు వేళాకోళానికి దుర్గాశ్రీ పేరుతో లోపలికెళ్ళి ఆమె పెట్టుకున్న సెలవు రద్దు చేశాడు. గొడవ హెడ్డాఫీసు దాకా పోయింది. చంద్రరావుకి చీవాట్లు పడ్డాయి. మర్నాటికల్లా ఫైలు మార్చి అందరికీ చెప్పాడు. పాస్‌వర్డు ఇక తెర మీద కనబడదు. మూడుసార్లు తప్పు కొడితే లాకైపోతుంది, మళ్ళీ హెడ్డాఫీసు వాళ్ళే తెరవాలి. ఎవరిదైనా ఇంకొకరి చెవిన పడితే ఆ పూటే మార్చేయాలి.

ఆ పొద్దున్న ఆకివీడు వెళ్ళాల్సిన లారీ గేటు దగ్గర హారను కొడుతోంది. చెరువుల దగ్గర మేత కోసం చూస్తున్నారు. మాణిక్యాంబ పాస్‌వర్డు కొట్టింది. తెర మీద ఒక్క అక్షరం పడలేదు. ఎంటర్ కొడితే కంప్యూటరు తప్పంది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ తప్పంది.

"కనపడ్డం లేదు బాబూ" అంది చంద్రరావుతో.

"కనపడదండి. అదే రూలు."

"నాకొక్కదానికైనా కనపడేలా చెయ్యవా?"

"ఎలా అవుద్దండీ? మొదట్లో కనపడ్డమే నా తప్పండి."

"నా దాంతో కానిచ్చేయండి పిన్నిగారూ" అంది దుర్గాశ్రీ. చంద్రరావు ఉరిమి చూశాడు. 

ఇక ఒక్కసారే మిగిలింది. లాకైతే లారీ ఎప్పటికి కదులుతుందో తెలియదు. కంప్యూటరు రాని మనిషిని ఎందుకు కూర్చోబెట్టారని హెడ్డాఫీసులో ఇప్పటికే గొణుగుతున్నారు. ఆ సంగతి మాణిక్యాంబకి బాగా తెలుసు. కీబోర్డు దగ్గరికి లాక్కుంది. పమిట తల మీదికి కప్పుకుంది.

"గున్..." అంది.

కొట్టినంత వరకూ చెరిపేసింది. పమిట ఇంకాస్త ముందుకి లాక్కుని మళ్ళీ మొదలుపెట్టింది.

"గున్... నే... శ్వ... ర... రావు."

ఎంటర్ కొట్టింది. ఫైళ్ళు తెరుచుకున్నాయి.

ఆఫీసంతా వింది. ఆ పేరు ఎవరిదో అందరికీ తెలుసు, ఆయన ఫోటో గోడౌనులో ఇంకా వేలాడుతోంది. మాణిక్యాంబ కళ్ళు తుడుచుకుని పాసు తీసింది. లారీ నంబరు ఎప్పటిలాగే పైకి చదివింది. లారీ వెళ్ళిపోయింది.

చంద్రరావు కాసేపు అక్కడే తచ్చాడాడు. అడగడానికి మనసొప్పలేదు. అడగక తప్పదు.

"అందరూ విన్నారండి. మార్చాలి. ఎవరికీ చెప్పని మాట ఇంకేదైనా చూసుకోండి."

మాణిక్యాంబ తెర వంక చూసింది. కొత్త పాస్‌వర్డు అడుగుతూ గీత ఒకటి ఆరుతూ వెలుగుతోంది.

"ఇంకేం లేదు బాబూ" అంది. "అదొక్కటే ఉండేది."