వదిన ఉత్త బంగాళాదుంపలు వడ్డించిన రోజు

మా రెయినీ సరస్సులో చేపలు పట్టడానికి వచ్చేవాళ్లను పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పడవలో తిప్పే గైడు మా వదిన ఆర్లిస్. మధ్యాహ్నం ఏదో ఒక దీవిలో పొయ్యి వెలిగించి, అప్పుడే పట్టిన వాలై చేపలు వేయించి పెట్టడం ఇక్కడి గైడ్ల ఆనవాయితీ. ఎందుకైనా మంచిదని మిగతావాళ్లు కాస్త మాంసం కూడా తీసుకెళ్తారు. వదిన మాత్రం బంగాళాదుంపలు, ఉల్లిపాయలు తప్ప ఏమీ పట్టుకెళ్లేది కాదు. ఆ రోజు దాకా చేప లేకుండా ఆమె పెనం ఏనాడూ పొయ్యెక్కలేదు.

నేను కూడా వెళ్లిన ఆ రోజు గాలి లేదు, నీళ్లు అద్దంలా ఉన్నాయి; అలాంటప్పుడు చేపలు సరిగా పడవు. మధ్యాహ్నానికి ఒక్కటే పడింది. కొలిచి చూస్తే, చట్టం ఉంచుకోనిచ్చే పొడవు దాటిన పెద్ద ఆడచేప.

వదిన దాన్ని నీళ్లలోకి దించుతుంటే, ఆకలి మీదున్న అతిథి క్విగ్లీ గింజుకున్నాడు. "ఇక్కడ చూసేవాడెవడమ్మా!"

"దీని పిల్లల్ని ముందు ముందు నువ్వే పట్టుకుందువుగానీ, పద, ఉల్లిపాయలు తరుగు బాబూ" అంది వదిన.

సాయంత్రం రేవులో తోటి గైడు ఓర్విల్ అందరికీ వినబడేలా అడిగాడు. "ఏం ఆర్లిస్, ఇవాళ ఏం వండావేంటి?"

చేప వండలేదని తెలిస్తే రేవంతా నవ్వుతుందని నేను తల వంచుకుని పడవ తాడు కట్టసాగాను.

"ఉత్త బంగాళాదుంపలోయ్!" అని వదిన తలెత్తి, వదిలేసిన చేప పొడవెంతో రెండు చేతులూ చాపి చూపించింది.

నవ్వబోయిన ఓర్విల్ ఆగిపోయాడు. "బాగానే ఈదుకుంటూ పోయిందా?"

"నా మొహాన నీళ్లు కొట్టి మరీ పోయింది" అంది వదిన గర్వంగా.