రెబ్కమ్మ చీటీల బీరువా

పర్చూరులోని చిన్న మిషను ఆసుపత్రిలో చీటీలు రాసే రెబ్కమ్మకు గొంతు పెద్దది. కిటికీలోంచి తల బయటపెట్టి, "జ్వరం మార్కూ! గజ్జి పేరయ్యా! మీ చీటీలు తయారు!" అని కేకేస్తే వరండా చివరిదాకా వినబడేది. అందరూ నవ్వేవారు, పిలిపించుకున్నవాళ్లు తప్ప. ఆమెలో చెడ్డతనం భూతద్దం పెట్టి వెతికినా దొరకదు. మంచివాళ్ల నోటికీ అదుపు కావాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

1986 ఫిబ్రవరిలో, మిరప కల్లాల్లో రంగు చెడిన తాలుకాయలు ఏరే కొండమ్మకు టీబీ అని తేలింది. ఏడాదిపాటు మందులు మింగాలి. ఆ మాట చీటీ మీద రాస్తుంటే రెబ్కమ్మ కళ్లు చెమర్చాయి. ఆదివారం చర్చిలో జబ్బుపడ్డవాళ్ల కోసం ప్రార్థించే వేళ మైకు అందుకుని, "ప్రభువా, టీబీతో బాధపడుతున్న మా కొండమ్మను ముట్టి స్వస్థపరచు" అని వలవలా ఏడ్చింది. సంఘమంతా ఆమెన్ అంది. మైకు గొట్టం బయట వేపచెట్టుకు కట్టి ఉంది. కల్లాల మేస్త్రీ ఆదెయ్య ఇల్లు సరిగ్గా దానికి ఎదురు.

సోమవారం కొండమ్మను కల్లంలోకి రానివ్వలేదు. మంగళవారం ఆమె మందులకు రాలేదు. ఆ పై మంగళవారమూ రాలేదు. మందులు మధ్యలో మానేస్తే ఏమవుతుందో రెబ్కమ్మకు బాగా తెలుసు. అలా మానేసి చనిపోయినవాళ్ల చీటీలను బీరువా అడుగు అరలో కట్టగట్టి పెట్టింది ఆమే.

ఉండబట్టలేక కొండమ్మ ఇంటికి వెళ్లింది. కొండమ్మ పుల్లలు విరుస్తోంది. కూర్చోమనలేదు.

"మందులకి రావడం లేదేం అక్కా?"

"వస్తే మళ్లీ మైకులో చెబుతావుగా."

"నీ కోసం ప్రార్థన చేశా గదా!"

"నా జబ్బు దేవుడికి తెలీదా రెబ్కమ్మా? మేస్త్రీకి వినబడేట్టు చెప్పాలా?"

రెబ్కమ్మకు తల కొట్టేసినట్టయింది. "తప్పయింది అక్కా. ఇక ఎవరి దగ్గరా నోరెత్తను. మందులు మాత్రం మానొద్దు, నీకు దణ్ణం పెడతా."

"చూద్దాంలే" అంది కొండమ్మ, తల ఎత్తకుండా.

మర్నాటినుంచి కిటికీలో పేర్లు లేవు, నంబర్లే. వడ్రంగిని పిలిపించి బీరువాకు తాళం పెట్టించింది. ఆ వారంలోనే ఒక టానిక్కు కంపెనీ ఏజెంటు రంగుల క్యాలెండరుతో దిగి, టీబీ రోగుల అడ్రసులు కావాలన్నాడు.

"ఇస్తే పోయేదేముందమ్మా? బలానికి మందేగా" అన్నారు డాక్టరు ఇమ్మానియేలు గారు.

"ఈయన సీసాలు పట్టుకుని గుమ్మం ఎక్కితే ఆ ఇంట్లో ఏ జబ్బుందో వీధంతా తెలిసిపోతుంది సార్. కాగితం మనదే అయినా జబ్బు వాళ్లది. వాళ్లని అడగండి, సరేనంటే రాసిస్తా."

తాళంచెవి ఆమె గుప్పిట్లో ఉంది. ఉద్యోగం పోతుందేమోనని నిజంగానే భయపడింది. డాక్టరు గారు క్యాలెండరు తిరిగి ఏజెంటు చేతిలో పెట్టారు.

అతను వెళ్లాక గానీ రెబ్కమ్మ చూడలేదు. వరండా చివర, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని కొండమ్మ నిలబడి ఉంది. అంతా విన్నట్టే ఉంది. రెబ్కమ్మ ఆమె చీటీ తీసి, నంబరు చూసి, "నలభై మూడు" అంది మెల్లగా. కొండమ్మ వచ్చి చెయ్యి చాపింది.

మరుసటి ఏడు కోతల పండగనాడు చర్చిలో సాక్ష్యాలు చెబుతున్నారు. కొండమ్మ లేచి మైకు దగ్గరికి నడిచింది. తన పేరే ఎత్తుతుందేమో అనుకుంది రెబ్కమ్మ.

"నాకు టీబీ వచ్చింది. ఏడాది మందులు మింగా, తగ్గిపోయింది" అంది కొండమ్మ. "నా సంగతి గనక నేనే చెబుతున్నా." తర్వాత మైకువాడి వైపు తిరిగింది.

"గొట్టం సౌండు పెంచు నాయనా, ఆదెయ్యకి వినబడాలి."