అత్త తీయాలనుకున్న గూడ్సుబండి ఫోటో

ఈ నెల పదకొండో తేదీ, గురువారం. ఆ రోజు మొదటి వింత పొద్దున్నే ఎదురైంది. రైల్వే గేటు వేసి ఉంది, నంద్యాల బస్సు ఆగి ఉంది, సిమెంటు గూడ్సు ఒకటి దడదడా పోతూ ఉంది. అయినా అత్త అంగడి తలుపు మూసే ఉంది. గేటు, అంగడి రెండూ ఒకేసారి మూసి ఉండటం నేనెప్పుడూ చూడలేదు. బస్సులోని జనం కిటికీల్లోంచి తలలు బయటపెట్టి "యాడికి పోయిందప్పా ఈయమ్మ?" అని ఒకరినొకరు అడుగుతున్నారు. గేటు దగ్గర పనిచేసే అన్న నా పక్కకు వచ్చి మెల్లగా చెప్పాడు.

"తెల్లారుజామున నిద్దట్లోనే పోయిందంట పాపా."

అత్త నాకు చుట్టం కాదు. గేటు పక్కన బొరుగులు, అరటిపండ్లు, సోడాలు అమ్మే శెట్టెమ్మ. మా ఇల్లు ఆ అంగడి వెనకే కాబట్టి నాకు మాటలు వచ్చినప్పుడే ఆమె అత్త అయిపోయింది. గేటు పడితే ఊరంతా విసుక్కునేది. అత్త మాత్రం "పడింది, పడింది!" అని కొంగు దోపుకుని లేచేది. బస్సులు, లారీలు, ఎద్దులబండ్లు ఆగితేనే కదా ఆమెకు బేరం.

గేటుకు కాస్త పడమరగా, కంపచెట్ల మధ్యలో పాతకాలపు చెయ్యి సిగ్నలు ఒకటి ఉంది. ఎత్తయిన ఇనుప స్తంభం, దానికి నిచ్చెన, పైన తెల్ల పట్టీ వేసిన ఎర్రటి చెయ్యి. చెయ్యి అడ్డంగా ఉంటే రైలు ఆగాలి, కిందికి వాలితే రావచ్చు. గేటు వేసి తాళం పడితే తప్ప గేటు అన్న ఆ చేతిని వాల్చలేడు. సిమెంటు దుమ్ము, బొగ్గు దుమ్ము పడీపడీ ఆ ఎరుపు ఇటుక రంగులోకి తిరిగింది. అయినా వాలేటప్పుడు మాత్రం 'టంగు'మని పెళ్లికొడుకులా వాలేది.

రెండేళ్ల కిందట రైల్వేవాళ్లు దాని పక్కనే కొత్త లైటు స్తంభం పాతారు. పాతది కోసేసి తుక్కు కింద పంపేస్తారని గేటు అన్న చెప్పాడు. అత్త తక్కెడ పక్కన పెట్టి లేచింది.

"మనిషి ముసలోడైతే ఒక ఫోటో అన్నా తీసి పెడతాం గదప్పా. ఎండకీ వానకీ ఇన్నేండ్లు నిలబడింది, దానికి ఒక ఫోటో లేదా?"

ఆమె తమ్ముడికి నంద్యాలలో ఫోటో స్టూడియో ఉండేది. కొత్తరకం కెమెరాలు వచ్చాక అతను పాత రీలు కెమెరా ఒకటి అక్కకు ఇచ్చేశాడు. బెల్లం డబ్బా వెనక చీమలు పట్టి ఉన్న ఆ కెమెరాను అత్త దులిపి మెడలో వేసుకుంది. కావలసింది ఒక్కటే: వాలిన చెయ్యి, దాని కింద గూడ్సుబండి, రెండూ ఒకే ఫోటోలో.

ఇంత చిన్న కోరికకు ఎంత పెద్ద చిక్కో చూడండి. గేటు పడితేనే రైలు వస్తుంది. గేటు పడితేనే గిరాకీ వస్తుంది. రైలు వచ్చే ఆ కాస్త సేపట్లోనే పది చేతులు "నాకు, నాకు" అని ముందుకు చాస్తాయి. అందుకని ఇద్దరం ఒక ఏర్పాటు చేసుకున్నాం. కాలేజీ లేనప్పుడు నేను అంగట్లో కూర్చునేదాన్ని, అత్త కెమెరా పట్టుకుని పట్టాల వైపు పరిగెత్తేది.

అప్పుడు రెండో చిక్కు వచ్చింది. మెడలో కెమెరా చూడగానే బస్సు దిగినవాళ్లంతా ఆమె ముందు వరసగా నిలబడేవారు. తలపాగాలు సర్దుకునేవారు, చంకలో పిల్లల ముక్కులు తుడిచేవారు.

"పక్కకు జరుగప్పా! నీ ఎనకాల బండి వస్తాండాది!"

"బండిదేముందిలే శెట్టెమ్మా, దినామూ వస్తాది. మమ్మల్ని తీయి."

"మీరేమన్నా చెయ్యి వాలుస్తారా? జరగండప్పా!"

"వాలుస్తాం, చూడు!" అని ఒకాయన ఎర్ర తువ్వాలు పట్టుకుని చెయ్యి అడ్డంగా చాపి, మెల్లగా కిందికి దించాడు. బస్సు బస్సంతా నవ్వింది. అత్త నవ్వు ఆపుకోలేక ఆయన్నే తీసింది. ఆలోపు రైలు వెళ్లిపోయింది.

మొదటి రీలు కడిగించుకుని వస్తే అన్నీ మొహాలే. ఎవరి భుజం మీదో గూడ్సుపెట్టె మూల ఒకటి. ఒక రైతు తలపాగాలోంచి మొలిచినట్టు సిగ్నలు చెయ్యి ఒకటి. అత్త ఆ ఫోటో చూసి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. "ఈయప్పకు చెయ్యి వాలిపోయినాది పాపా, ఇంగ ఈయప్పను ఎవురూ ఆపలేరు!" ఆ ఫోటోలను దాచుకోలేదు. వాళ్లు మళ్లీ ఎప్పుడు ఆ దారిన వచ్చి గేటు దగ్గర ఆగినా, పేరుపేరునా పిలిచి ఎవరిది వాళ్లకు ఇచ్చేది.

ఫోటోల్లో రైళ్లు కూడా పడ్డాయి, కాకపోతే చెయ్యి లేకుండా. ఫోటో వెనక రాసే పని నాది. బండ్లకు అత్త పెట్టుకున్న పేర్లు వేరు. మూసిన పెట్టెలు 'బీరువా బండి', బొగ్గు తెచ్చేది 'తొట్టి బండి', నూనె పీపాలది 'బానల బండి'. నాకేమో అప్పుడే పెద్ద పెద్ద మాటల మీద మోజు పుట్టింది. ఒకదాని వెనక 'సుదీర్ఘ ధూమశకటం' అని రాసి గర్వంగా చదివి వినిపించాను.

"అంటే ఏంది?"

"పొగబండి అత్తా."

"ఇది డీజిలుది గదనే, ఇంజను ఫోటోలో లేనే లేదు. పొగ యాడుండాది దీంట్లో? కంటికి కనపడింది రాయి. చదివినోళ్లకు బండి కనపడాల, నువ్వు గాదు."

నేను కొట్టేసి 'తొట్టి బండ్లు, తడిసిన బొగ్గు, ఆఖరి పెట్టెలో గార్డు అరటిపండు తింటున్నాడు' అని రాశాను. ఆ అరటిపండు అత్త అంగడిదే. ఇప్పుడు ఏది రాసినా ఆ మాట గుర్తొస్తుంది, రెండు మాటలు కొట్టేస్తాను.

గురువారం సాయంత్రం ఆమెను తీసుకువెళ్లారు. శ్మశానం పట్టాల అవతల ఉంది. మా ఊళ్లో ఆడవాళ్లం గేటు దాకే వెళ్తాం. పాడె సరిగ్గా అక్కడికి వచ్చేసరికి గేటు పడింది. గేటు అన్న మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"చెయ్యి వాల్చేసినానప్పా. ఇప్పుడు తాళం రాదు. నేనేం జేసేది?"

అత్త కొడుకు పాడె భుజం మార్చుకుంటూ అన్నాడు. "ఉండనీలేన్నా. ఈడ ఆగినోళ్లతోనే గదా మా యమ్మ బతికింది. ఆయమ్మనూ రొంతసేపు ఆగనీ."

పడమర నుంచి తొట్టి బండ్లు వచ్చాయి. జనమంతా కదలకుండా అటే చూస్తున్నారు. అలవాటు చొప్పున ఒక ముసలాయన పెట్టెలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఇంకొకాయన గొంతు కలిపాడు. చివరికి గార్డు పెట్టె లెక్కలోకి వస్తుందా రాదా అని ఇద్దరికీ మాట పెరిగి, ఏడుస్తున్నవాళ్లు కూడా నవ్వారు. గార్డు పచ్చజెండా పట్టుకుని బయటికి వచ్చినవాడు, పాడెను చూసి జెండా చంకలో పెట్టుకుని చేతులు జోడించాడు.

అప్పుడు నాకు తట్టింది. వాలిన చెయ్యి, దాని కిందుగా బండి, అడ్డం నిలబడి నవ్వేవాళ్లు ఒక్కరూ లేరు. అత్త రెండేళ్లు కోరుకున్న ఫోటో అదే. కెమెరా తాళం వేసిన అంగట్లో ఉండిపోయింది.

నిన్న గేటు అన్న చెప్పాడు. రేపు మధ్యాహ్నం నుంచి కొత్త లైటు పనిచేస్తుందట, ఆ వెంటనే పాత చెయ్యి దించేస్తారట. పొద్దున మాత్రం పడమరనున్న డోను వైపు నుంచి గూడ్సు ఒకటి ఉందట. అత్త కొడుకు అంగడి తెరిచి కెమెరా నా చేతిలో పెట్టాడు. రీల్లో ఇంకా కొన్ని ఫోటోలకు చోటుంది.

రేపు కాలేజీకి పోను. బస్సు కంటే ముందే గేటు దగ్గర పడమర తిరిగి నిలబడతాను. ఎండ నా వీపు మీద ఉంటుంది, నేరుగా సిగ్నలు చెయ్యి మీద పడుతుంది. బస్సు ఆగి జనం దిగగానే నా ముందుకు వస్తారు, నాకు తెలుసు. జరగమని అనను. ముందు వాళ్లనే వరసగా నిలబెట్టి, తలపాగాలు సర్దుకోనిచ్చి, ఒక ఫోటో తీస్తాను. తీయడం అయిపోయిందని తెలిస్తే ఇంక నా వైపు ఎందుకు చూస్తారు? గూడ్సు కూత వినపడగానే అందరూ అటు తిరుగుతారు, లెక్క మొదలుపెడతారు. వాళ్ల వీపుల అవతల, కంపచెట్ల పైన, చెయ్యి వాలి ఉంటుంది, దాని కిందికి బండి వస్తుంది. అప్పుడు రెండోది తీస్తాను.