మలుపు దగ్గరి చప్పుడు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. ఆ పీట లాక్కోండి. పిండి పిసుకుతూనే చెబుతాను, చేతులు ఆగితే నాకు మాట సాగదు. వచ్చేటప్పుడు వాకిట్లో ఎర్ర కారు చూశారు కదా, రెండే తలుపులున్నది? దాని సంగతే ఇది.

మాది కడప వైపు. పెళ్ళయిన కొత్తలో నిజాంపేటకు వచ్చి ఇక్కడే ఉండిపోయాం. ఇంటి ముందు రేకుల కింద హాస్టలు పిల్లలకు చపాతీలు చేసి అమ్మడం నా పని. మా ఆయన ఆఫీసు క్యాబు నడిపేవాడు. హైటెక్ సిటీలో పనిచేసేవాళ్ళను పొద్దున ఇళ్ళ దగ్గర ఎక్కించుకోవాలి, సాయంత్రం మళ్ళీ ఇళ్ళ దగ్గర దించాలి. ఆ క్యాబంటే ఆయనకు ఎప్పుడూ చిన్నచూపే. "దాన్ని తోలతాంటే ఆస్పత్రిలో మంచం తోసినట్టుంటాది మే" అనేవాడు.

ఆయన క్యాబులో రోజూ ఎక్కే సాఫ్ట్‌వేరు ఆయన ఒకరు కోకాపేటలో ఉండేవారు. వాళ్ళ అపార్టుమెంటు సెల్లారులో ఈ కారు ముసుగేసి పడి ఉండేది. కూపే అంటారట ఇలాంటి దాన్ని. స్పేరు పార్టులు దొరకవని, ఎవరూ కొనడం లేదని ఆయన విసిగిపోయి ఉన్నాడు. మా ఆయన ముసుగెత్తి చూశాడు. లోపల ఎలుకలు కాపురం పెట్టి, వైర్లన్నీ కొరికేసి ఉన్నాయి. అయినా సరే, చవగ్గా కొని, లారీకి కట్టి ఇంటికి తెచ్చేశాడు.

"ఇదేందప్పా, తలుపులే లేవు దీనికి!" అన్నాను.

"రెండున్నాయి గదమ్మే. నీకొకటి, నాకొకటి."

"మరి బిడ్డకు?"

"నీ ఒళ్ళో కూర్చుంటాది."

అప్పటికి బిడ్డ ఎనిమిదో తరగతి. నాకంటే పొడుగు.

మా పక్కన ఖాళీ ప్లాటు ఉండేది. ప్రతి ఆదివారం అక్కడే దాని పని. కూకట్‌పల్లిలో షెడ్డున్న ఒక మెకానిక్, అందరూ ఉస్తాద్ అని పిలిచేవాళ్ళు, ఆయన వచ్చేవాడు. ఇద్దరూ కారు కింద దూరి ఎంతసేపైనా మాట్లాడుకునేవాళ్ళు. నాకు రెండు జతల కాళ్ళు మాత్రం కనబడేవి. టీ గ్లాసు నేల మీద పెట్టి కాలు తడితే, కింద నుంచి ఒక చెయ్యి వచ్చి గ్లాసు తీసుకుపోయేది.

మొదట వైర్లు మార్చారు. తర్వాత వెనక సీటు బరువని పీకేశారు. ఆ సీటును నేను పారేయనివ్వలేదు. రేకుల కింద గోడకు ఆనించి వేస్తే, చపాతీల కోసం వచ్చిన పిల్లలు దాని మీదే కూర్చునేవాళ్ళు. తర్వాత కంపెనీ సైలెన్సరు తీసేసి లావు గొట్టం పెట్టారు. ఆ సైలెన్సరునూ నేనే మేడ మీదికి చేర్చాను. వడియాలు పెట్టిన గుడ్డ గాలికి ఎగిరిపోకుండా అంచు మీద బరువు కావాలి కదా.

రంగు సంగతి చెబితే ఇప్పటికీ నవ్వొస్తుంది. కారు అసలు తెల్లది. తెలుపు చూసీ చూసీ విసుగెత్తింది, ఎర్రగా ఉండాలన్నాడు. ఎలాంటి ఎరుపో పెయింటరుకు నోటితో చెప్పలేక, నేను పచ్చడికి తెచ్చుకున్న పండుమిరపకాయల్లోంచి ఒకటి తీసి ఇచ్చి వచ్చాడు. పెయింటరుకు వేరే బండ్ల పని పడి, వారం తర్వాత రంగు కలిపాడు. ఆ లోపల కాయ కాస్తా ఎండిపోయింది. ఎదురుగా ఉన్న కాయను చూసి అచ్చం అదే రంగు వేశాడు పాపం. కారు ఇంటికొస్తే మా ఆయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, వాకిట్లో కూలబడ్డాడు.

"ఎండుమిరపకాయైనా కారమే గదా" అన్నాను నేను. అప్పుడు నవ్వాడు.

అది చాలదన్నట్టు స్ప్రింగులు మార్పించి, కారును నేలకు దగ్గరగా దించాడు. చూపుకు బాగుంటుందట. ఇక చూడండి నా తిప్పలు. మా వీధిలో స్పీడు బ్రేకరు వస్తే కారు పొట్ట గీసుకునేది. అందుకని బ్రేకరుకు ముందు ఆపేవాడు. నేను దిగి, దాటి, అవతల నిలబడేదాన్ని. బరువు తగ్గిన కారును వాలుగా, మెల్లగా ఎక్కించి దించేవాడు. మళ్ళీ నేను ఎక్కేదాన్ని. పట్టుచీర కట్టుకుని పెళ్ళికి పోయేటప్పుడు కూడా అంతే. వీధిలో వాళ్ళు వాకిళ్ళలోకి వచ్చి మరీ చూసేవాళ్ళు.

క్యాబులన్నీ నార్సింగిలో ఒక యార్డులో ఉండేవి. అక్కడికి ఈ కారులోనే పోయి, సాయంత్రం ఇందులోనే వచ్చేవాడు. మా వీధి మలుపు దగ్గర గేరు తగ్గించేవాడు. అప్పుడు ఆ గొట్టం రెండుసార్లు గుర్రుమనేది, ముసలాయన గొంతు సవరించుకున్నట్టు. అది వినబడగానే నేను పెనం మీద ఆయన చపాతీ వేసేదాన్ని. కారు నిలిపి, చేతుల గ్రీజు సర్ఫుతో కడుక్కుని వచ్చేసరికి చపాతీ పొంగి ఉండేది. ఫోను చేసి వస్తున్నానని ఏ రోజూ చెప్పలేదు. చెప్పే అవసరం లేదు.

ఎదురింటావిడది భీమవరం. ఆమెకు మాత్రం ఆ చప్పుడు గిట్టేది కాదు. "మీ ఆయన వచ్చారంటే మా స్టాండులో గ్లాసులు డాన్సు చేస్తున్నాయండీ. కాస్త చెప్పండి" అనేది. చెప్పాను. "గ్లాసులు అంత సంతోషపడతాంటే మనమెందుకు ఆపాల?" అన్నాడు.

ఒకరోజు మధ్యాహ్నం క్యాబు నడుపుతుండగా ఆయనకు గుండెలో నొప్పి వచ్చింది. బండిని రోడ్డు పక్కకు తీసి, వెనక వచ్చేవాళ్ళకు తెలిసేలా లైట్లు వెలిగించి, వెనక కూర్చున్న అమ్మాయితో "జాగ్రత్తగా దిగమ్మా" అన్నాడట. ఆ అమ్మాయే తర్వాత వచ్చి చెప్పింది. దవాఖానకు చేర్చేలోపే అయిపోయింది.

సాయంత్రానికి ఆయనను ఇంటికి తెచ్చి ముందు గదిలో పడుకోబెట్టారు. ఇల్లంతా జనం. మా వాళ్ళు కడప నుంచి బయల్దేరారు. నేను గోడకానుకుని కూర్చుని ఉన్నాను. అప్పుడు మలుపు దగ్గర ఆ చప్పుడు వినబడింది. రెండుసార్లు.

నేను లేచాను. జనం మధ్య నుంచి దారి చేసుకుని వంటింట్లోకి పోయి, స్టవ్ వెలిగించి, పెనం పెట్టాను. పొద్దున మిగిలిన పిండి తీసి చపాతీ ఒత్తుతున్నాను. ఎదురింటావిడ వెనకాలే వచ్చింది. నా చేతిలో కర్ర మెల్లగా తీసుకుని, స్టవ్ కట్టేసి, నన్ను పట్టుకుని అక్కడే కింద కూర్చుంది.

నార్సింగి యార్డులో నిలిచిపోయిన కారును ఉస్తాద్ ఇంటికి తెచ్చాడు. ఆయనకు కూడా మలుపులో గేరు తగ్గించడమే అలవాటు.

ఆ తర్వాత కారును మా అమ్మాయి తీసుకుంది. నార్సింగి సర్వీసు రోడ్డు మీద వాళ్ళ నాన్నే నడపడం నేర్పించాడు దానికి. ఇప్పుడు కోకాపేటలో ఉద్యోగం. ఆదివారాలు తనే ఉస్తాద్‌ను పిలిచి ఆయిలు మార్చడం, బెల్టు చూడడం. సాయంత్రం తను వచ్చేటప్పుడు మలుపులో చప్పుడు వినబడితే నా చెయ్యి పిండి మీదికి పోయేది. వచ్చింది బిడ్డే అని తెలుసు. అయినా ఆ రెండు గుర్రులకు మధ్య కొంచెం సందుంది చూడండి, అంతసేపు మాత్రం ఆయనే వస్తున్నట్టుండేది.

సంవత్సరీకం అయిన కొన్నాళ్ళకు కారుకు పదిహేనేళ్ళు నిండాయి. మళ్ళీ రిజిస్ట్రేషన్ చేయించాలి. రవాణా ఆఫీసులో చూసినాయన మంచివాడే. కారు చుట్టూ తిరిగి, కూర్చుని వంగి చూసి, మా అమ్మాయితో చెప్పాడు. "రంగు మారిందని కాగితంలో రాయించుకోవచ్చమ్మా. ఈ గొట్టం, ఈ ఎత్తు మాత్రం కుదరవు. వెనక సీటు కూడా ఉండాలె. కంపెనీ ఇచ్చినట్టు చేసి తీసుకరా, పాస్ చేస్తా."

అదే వారం కోకాపేట కుర్రాడొకడు ఇంటికొచ్చాడు. కారు కొంటానన్నాడు. "రోడ్డు మీద తిప్పను ఆంటీ. రేసు ట్రాకు మీద మాత్రమే. దానికి ఈ కాగితాలతో పని లేదు. అంకుల్ ఎట్ల చేసిండో అట్లనే ఉంచుతా. ఒక్క నట్టు ముట్టను."

వాడు పోయాక అమ్మాయి నా పక్కన కూర్చుంది. "ఇచ్చేస్తే నాన్న చేసింది చేసినట్టు ఉంటది, కానీ మన దగ్గర ఉండదు. ఉంచుకోవాలంటే నాన్న పెట్టినవన్నీ మనమే పీకాలి. నాకు తెలుస్తలేదు. నువ్వే చెప్పమ్మా."

ఆ రోజంతా చపాతీలు చేస్తూ అదే ఆలోచించాను. ఆ ట్రాకు ఎక్కడో ఊరి బయట. అక్కడ ఆ చప్పుడు వినబడితే పెనం మీద చపాతీ వేసేవాళ్ళు ఎవరున్నారు? ఎవరూ ఎదురుచూడని చోట అది ఉత్త గోల. ఆయన కూర్చున్న సీటు, పట్టుకున్న స్టీరింగు బిడ్డకు ఉంటే చాలనుకున్నాను. మరుసటి రోజు ఉస్తాద్‌ను పిలవమన్నాను.

ఉస్తాద్ వచ్చి కారు కింద దూరాడు. ఈసారి ఒక్క జత కాళ్ళే. కాసేపటికి బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

"నేనూ మా భాయ్ కలిసి పెట్టినం భాభీ ఈ పైపు. నా చేతులతోనే తీయమంటవా?"

"ఇంకెవరి చేతులు పెట్టమంటావు భాయ్?"

"ఒక్కసారి స్టార్ట్ చేస్తా, వింటవా?"

"వద్దు. వింటే తీయనివ్వను."

నేను మేడ మీదికి పోయి వడియాల గుడ్డ మీది సైలెన్సరు తెచ్చాను. తుప్పు పట్టిన చోట ఉస్తాద్ అతుకు వేశాడు. గోడ దగ్గరి సీటు తీస్తుంటే, చపాతీల కోసం వచ్చిన హాస్టలు అమ్మాయి లబోదిబోమంది. "ఆంటీ, మా సోఫా!"

"మీ సోఫాకు ఉద్యోగం వచ్చిందమ్మా" అన్నాను. దాని మీద నూనె మరకలు, ఎవరో పెన్నుతో గీసిన పువ్వు. అలాగే కారులోకి పోయింది. స్ప్రింగులు మార్చి కారును పైకి లేపారు. లావు గొట్టాన్ని గోనెలో చుట్టి మంచం కింద పెట్టాను.

రవాణా ఆఫీసుకు నేనూ వెళ్ళాను. పాసైంది. ఎండుమిరప రంగు కూడా కాగితంలోకి ఎక్కింది. తిరిగి వచ్చేటప్పుడు మా వీధి బ్రేకరు రాగానే నా చెయ్యి తలుపు మీదికి పోయింది. ఒక కాలు కూడా సిద్ధం చేసుకున్నాను.

"దిగక్కర్లేదమ్మా ఇగ" అంది అమ్మాయి. కారు సుఖంగా ఎక్కి దిగింది. నేను తలుపు పట్టుకునే ఉన్నాను.

మలుపులో తను గేరు తగ్గించింది. ఏమీ వినబడలేదు. ఇంటి ముందు ఆగితే, ఎదురింటావిడ మొక్కలకు నీళ్ళు పోస్తూ తలెత్తి ఉలిక్కిపడింది. "అయ్యో, ఎప్పుడొచ్చారండీ? అసలు తెలియనే లేదు!" అని, ఒక్క క్షణం ఆ కారు వైపే చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

మేం వంటింట్లోకి వచ్చాం. పెనం చల్లగా ఉంది. ఇప్పుడు అమ్మాయి వచ్చి, చేతులు కడుక్కుని ఎదురుగా నిలబడితే గానీ వచ్చినట్టు తెలియదు నాకు. అప్పుడు స్టవ్ వెలిగిస్తాను. అది పీట మీద కూర్చుని, చపాతీ పొంగేదాకా చూస్తూ ఉంటుంది.

ఇదిగో, మీకూ ఒకటి వేశాను, వేడిగా తినండి. మీ ఇంటికి రావలసినవాళ్ళు వీధి చివరి నుంచే తెలిసేలా రావాలి. వాళ్ళ అడుగు వినబడేసరికి మీ పెనం కాగి ఉండాలి. మీ వాకిట్లో ఆగిన బండి నుంచి ఎప్పుడూ మీవాళ్ళే నవ్వుతూ దిగాలి. పిల్లాపాపలతో పచ్చగా ఉండండి.